మద్యం మీద మోపిన నేరం

ఏటా డిసెంబరు, జనవరి వచ్చేసరికి మన అంతర్జాల పత్రికల్లో జర్మనీ యాత్రావ్యాసాలు ఒకటి రెండయినా కనిపిస్తాయి. ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో మ్యూనిక్‌లోనో ఉద్యోగం చేసుకుంటున్న పిల్లల దగ్గరికి వెళ్ళొచ్చిన తల్లిదండ్రులు రాసినవి కొన్ని, ఆ పిల్లలే రాసినవి కొన్ని. పొద్దున రైలు, కిటికీ బయట మంచు, నది ఒడ్డున పాత ఊరు, కొండ మీద కూలిన కోట, చేతులు వెచ్చబెట్టుకోడానికి దాల్చినచెక్క, లవంగాలు వేసి కాచిన వైను, సాయంత్రం మళ్ళీ రైలు. నాకు ఇలాంటి వ్యాసాలు ఇష్టం. దుప్పటి కప్పుకుని జహీరాబాదులో కూచుని చదవడానికి బాగుంటాయి. అందుకే వాటితో నాకున్న పేచీ ఏమిటో కూడా చెప్పాలనిపించింది.

హైడెల్‌బెర్గ్ సంగతే తీసుకోండి. అక్కడి కోట నేలమాళిగలో పెద్ద చెక్క పీపా ఒకటుంది. 1751లో కట్టింది. సుమారు 2,20,000 లీటర్ల వైను పడుతుంది. పైకెక్కడానికి మెట్లు, పైన నాట్యమాడటానికి చెక్క వేదిక. దాని ఎదుట పెర్కియో అనే విదూషకుడి బొమ్మ. అతను జీవితమంతా వైను తప్ప ఇంకేమీ తాగలేదనీ, ఓసారి ఎవరో బలవంతపెడితే మంచినీళ్ళు తాగి చచ్చిపోయాడనీ కథ. నేను చదివిన వ్యాసాలన్నిట్లో పీపా ఉంది, మెట్లున్నాయి, పెర్కియో ఉన్నాడు. ఆ పీపా ఎందుకు కట్టారన్నది మాత్రం ఒక్కదాన్లోనూ లేదు. ఆ ప్రాంతపు ద్రాక్షరైతులు తమ పంటలో పదో వంతు పన్నుగా ప్రభువుకి చెల్లించాలి. డబ్బు కాదు, వైనే. మంచిదీ పుల్లదీ అన్నీ కలిపి ఒక్కచోట పోయడానికి కట్టిన పాత్ర అది. మాటల్లో చెప్పాలంటే, ఖజానా. మనవాళ్ళు మెట్లెక్కి ఫొటో దిగింది పన్ను పీపా మీద.

తెలియకపోవడం తప్పేమీ కాదు. ఒక్క పగలు తిరిగొచ్చేవాడికి ఎన్ని తెలుస్తాయి? నా పేచీ అది కాదు. మద్యం కథలోకి వచ్చేసరికి లెక్క పుస్తకం బయటికి వెళ్ళిపోతోందేమని. ఇది జర్మనీకే పరిమితమైన జబ్బు కాదని మొన్న జనవరిలో మా పక్క ఊరికి వెళ్ళొచ్చాక అర్థమైంది. ఆ జబ్బు నాకూ ఉందని కూడా.

మా పక్క ఊరంటే బీదర్. జహీరాబాదు నుంచి సుమారు 30 కిలోమీటర్లు. మా బడిలో ఉర్దూ చెప్పి రిటైరైన మిత్రుడొకాయన, నేను, పొద్దున ఏడింటి బస్సుకి బయల్దేరాం. ఈ వైపు చలి గట్టిగానే ఉంటుంది. కోహీరు, న్యాల్కల్ పేర్లు పేపర్లో పడేది చలికాలంలోనే. బస్టాండు ముందు కోహీరు జామకాయలు గంపల్లో పెట్టుకుని, తలకి మఫ్లర్లు చుట్టుకున్న ఆడవాళ్ళు కూచుని ఉన్నారు. రోడ్డుకి రెండు వైపులా కోతకొచ్చిన కంది, శనగ, మధ్యమధ్య చెరుకు. చెరుకు ట్రాక్టరు ముందు పోతుంటే దాని వెనక బస్సు నడిచినట్టే పోయింది. రాష్ట్రం దాటామని చెప్పింది బోర్డుల మీది లిపి ఒక్కటే. నేలా మారలేదు, పంటా మారలేదు, బస్సులో మాటలూ మారలేదు. మా వాళ్ళు మాట్లాడే తెలుగులో సగం ఉర్దూ, పావు కన్నడం ఎలాగూ ఉంటాయి.

నిజానికి బీదర్ మాకు పరాయి ఊరు కాదు, పాత జిల్లా కేంద్రం. హైదరాబాదు రాష్ట్రంలో జహీరాబాదు బీదర్ జిల్లా తాలూకా. 1956 నవంబరు 1న గీతలు మారాయి. నిర్ణా సర్కిల్ మినహా జహీరాబాదు తాలూకా, బీదర్ తాలూకాలోని న్యాల్కల్ సర్కిల్, నారాయణఖేడ్ తాలూకా ఆంధ్రప్రదేశ్‌లోకొచ్చి మెదక్ జిల్లాలో చేరాయి. బీదర్ అప్పటి మైసూరు రాష్ట్రంలోకి పోయింది. 2016లో మేం మళ్ళీ మారి సంగారెడ్డి జిల్లా అయ్యాం. మా తాత చివరిదాకా 'జిల్లాకు పోయొస్త' అంటే బీదర్ అనే అర్థం. నా తరానికి వచ్చేసరికి అదే ఊరు 'కర్ణాటకలో చూడదగ్గ ప్రదేశం' అయింది. ఒక గీత ఇటు నుంచి అటు జరిగితే ఎవరి ఊరు ఎవరికి పరాయిదవుతుందో, ఎవరి అధికారం ఎంత తగ్గుతుందో గుర్తుంచుకోండి. ఈ వ్యాసంలో ఆ సంగతి ఇంకోసారి వస్తుంది.

బీదర్‌లో మొదట మదరసాకి వెళ్ళాం. మహమూద్ గవాన్ 1472లో కట్టించిన విద్యాలయం. గవాన్ ఇరాన్‌లోని గీలాన్ నుంచి వ్యాపారం మీద వచ్చి, బహమనీ సుల్తానుల కొలువులో చేరి, ప్రధానమంత్రి అయ్యాడు. 205 అడుగుల పొడవు, 180 అడుగుల వెడల్పు, మూడు అంతస్తులు. ముందువైపు రెండు మీనార్లుండేవి, ఇప్పుడు ఒకటే మిగిలింది. దాని మీద నీలం, తెలుపు, పసుపు పలకలు అడ్డదిడ్డపు గీతల్లా పేర్చి ఉంటాయి. చాలాచోట్ల రాలిపోయి రాయి కనపడుతోంది. 17వ శతాబ్దం చివర, లోపల నిలవచేసిన తుపాకిమందు పేలి, రెండో మీనారూ ముందు భాగంలో చాలామటుకూ పోయాయి. చదువుకునే గదుల్లో మందు దాచిన కాలం అది. పలకలు మిగిలిన చోట పొద్దుటి ఎండ పడితే, ఇది ఏ సమర్ఖండులోదో అనిపిస్తుంది. చుట్టూ మాత్రం పంక్చర్ల దుకాణాలు, చాయ్ హోటళ్ళు, బడికి పోయే పిల్లలు.

ఎండకి కూచున్న ఒకాయన, మేం తెలుగు మాట్లాడటం విని, అడక్కుండానే కథ మొదలుపెట్టాడు. "రాజు ఫుల్లుగ తాగి ఉండె సార్. ఆ మత్తుల ఎవ్వరో చిట్టీ తెచ్చి చూపెట్టిన్రు. వెంటనే ముసలాయన తల కొట్టిపిచ్చిండు. పొద్దుగాల లేసి ఏడ్సిండంట."

నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే అవి అక్షరాలా నా మాటలు. నేను ఇరవై ఏళ్ళు సాంఘిక శాస్త్రం చెప్పాను. బహమనీల పాఠం పిల్లలకి నిద్ర తెప్పిస్తుంది. సుల్తానుల పేర్లన్నీ ఒకేలా ఉంటాయి. అందుకని గవాన్ చావు కథ పట్టుకునేవాణ్ణి. గవాన్ శత్రువులు అతని ముద్రాధికారికి బాగా తాగించి, తెల్లకాగితం మీద గవాన్ ముద్ర వేయించుకున్నారు. తర్వాత ఆ కాగితం మీద ఒడిశా రాజుకి రాసినట్టుగా, దండెత్తి రమ్మని పిలుస్తూ దొంగ ఉత్తరం రాశారు. సుల్తాను మూడో మహమ్మదు షా తాగి ఉన్న సమయం చూసి చేతిలో పెట్టారు. సుల్తాను గవాన్‌ని పిలిపించి, రాజద్రోహికి ఏం శిక్ష వెయ్యాలని అడిగాడు. మరణమేనన్నాడు గవాన్. ఉత్తరం చూపించాడు. ముద్ర తనదేననీ, రాత తనది కాదనీ గవాన్ చెప్పుకున్నాడు. విన్నవాడు లేడు. 1481 ఏప్రిల్ 5, డెబ్బై దాటిన మనిషిని చంపించారు. అది జరిగింది బీదర్‌లో కూడా కాదు, మన కొండపల్లిలో, దండు విడిది చేసిన చోట. ఏడాది తిరక్కుండా సుల్తానూ పోయాడు, 1482లో. పశ్చాత్తాపంతో తాగి తాగి, అని ముగించేవాణ్ణి. పిల్లలు నిశ్శబ్దంగా వినేవాళ్ళు. చివర్లో, "చూశారా, తాగుడు ఎంత చెడ్డదో" అని ఒక నీతి కూడా తగిలించేవాణ్ణి.

ఆ ఎండకి కూచున్నాయన చెప్పడం అయిపోగానే మా మిత్రుడు చాలా మామూలుగా అన్నాడు. "రాజు తాగిండు, ముద్ర కొట్టేటోడు తాగిండు. మరి చిట్టీ రాసినోడు తాగకుండనే రాసిండు గద సార్?"

ఇరవై ఏళ్ళు చెప్పిన పాఠంలో నాకు తట్టని ప్రశ్న అది. కథ నిర్మాణం చూడండి. ఇందులో మద్యం రెండుసార్లు వస్తుంది, రెండుసార్లూ తప్పు జరిగే చోటే వస్తుంది. ముద్ర పడేచోట ఒకసారి, శిక్ష పడేచోట ఒకసారి. అంటే తప్పు జరిగిన రెండుచోట్లా స్పృహలో ఉన్న మనిషి లేడు. ఇక మిగిలిందంతా విధి. వినేవాడికి జాలి తప్ప ఇంకో భావం కలగదు. గవాన్ మీద జాలి, సుల్తాను మీదా కాస్త జాలి. కానీ ఎవరికి తాగించాలో ఎంచుకున్నవాళ్ళు, కాగితం సిద్ధం చేసినవాళ్ళు, ఏ రాజు పేరు రాస్తే నమ్ముతాడో ఆలోచించినవాళ్ళు, ఏ పూట చేతిలో పెట్టాలో కనిపెట్టుకుని కూచున్నవాళ్ళు, వీళ్ళందరూ పూర్తి మెలకువలో ఉన్నారు. నేను చెప్పిన కథలో వాళ్ళకి 'శత్రువులు' అన్న ఒక్క మాట దక్కింది. శత్రుత్వం ఎందుకో నేనెప్పుడూ చెప్పలేదు.

ఎందుకో తెలియక కాదు. అది కూడా పాఠంలోనే ఉంది, 'గవాన్ సంస్కరణలు' అన్న పేరుతో, పరీక్షకి అయిదు మార్కుల ప్రశ్నగా. బహమనీ రాజ్యంలో 'తరఫ్' లనే నాలుగు పెద్ద రాష్ట్రాలుండేవి. ఒక్కో తరఫ్‌దారు దాదాపు చిన్న రాజు. గవాన్ నాలుగింటినీ ఎనిమిది చేశాడు. ఒక్కో తరఫ్‌దారు చేతిలో ఒక్క కోటనే ఉంచి, మిగతా కోటలకి అధికారుల్ని రాజధాని నుంచే నియమించాడు. భూమి కొలిపించాడు. లెక్కలో చూపించినంతమంది సైనికులు నిజంగా లేకపోతే ఆ మేరకు జీతం కోసేశాడు. అంటే లేని సైనికుల పేరు మీద డబ్బు తినే దారి మూసేశాడు.

ఇందులో మనకి సంబంధించిన ముక్క ఒకటుంది. విడగొట్టిన నాలుగింటిలో ఒకటి తెలంగాణ. దాన్ని వరంగల్లు, రాజమహేంద్రవరం అని రెండు చేశారు. అంతకుముందు మొత్తం తెలంగాణ తరఫ్‌ని ఏలినవాడు మలిక్ హసన్ నిజాముల్ముల్క్ బహ్రీ. విభజన తర్వాత అతనికి రాజమహేంద్రవరం మిగిలింది, వరంగల్లు ఇంకొకరికి పోయింది. గవాన్ మీద కుట్రకి నాయకుడని చరిత్ర చెప్పేది ఇతన్నే. దక్కనీలకీ, ఇరాను మొదలైన చోట్ల నుంచి కొత్తగా వచ్చిన ఆఫాకీలకీ మధ్య పాత పగ ఎలాగూ ఉంది. ఈ గీత దాన్ని భగ్గుమనిపించింది. గీత ఎక్కడ పడితే ఎవరికి ఎంత పోతుందో మా తాతకి తెలిసినట్టే మలిక్ హసన్‌కీ తెలుసు. ఇదంతా నేను సోమవారం చెప్పేవాణ్ణి. తాగుడు కథ మంగళవారం చెప్పేవాణ్ణి. రెంటినీ ఒకే రోజు చెప్పి ఉంటే నీతివాక్యం వేరేగా ఉండేది.

మరి ఈ కథ ముందుగా రాసినవాడి తప్పా ఇది? మనకి దీన్ని ఇంత వివరంగా అందించినవాడు ఫరిష్తా. అతను రాసింది సంఘటన జరిగిన నూరేళ్ళ పైచిలుకు తర్వాత, బీజాపూరులో, ఆదిల్‌షాహీల కొలువులో. ఆ వంశానికి మూలపురుషుడు యూసుఫ్ ఆదిల్ ఖాన్, గవాన్ పెంచి పెద్దచేసిన మనిషి. అటు మలిక్ హసన్ కొడుకు అహమ్మద్ వెళ్ళి అహమదునగరు రాజ్యం పెట్టాడు. బీజాపూరుకీ అహమదునగరుకీ తరాల తగవు. కాబట్టి బీజాపూరులో కూచుని రాసేవాడి చేతిలో గవాన్ కాస్త ఎక్కువ అమాయకుడుగా, మలిక్ హసన్ కాస్త ఎక్కువ దుర్మార్గుడుగా కనిపిస్తే ఆశ్చర్యం లేదు. ఇది దృష్టిలో పెట్టుకునే ఫరిష్తాని చదవాలి.

అయినా నేరం అతనిది కాదు. సంస్కరణల సంగతి ఫరిష్తా కూడా చెబుతాడు. పైగా మనం మళ్ళీ చెప్పుకునేటప్పుడు వదిలేసే ఒక ఘట్టం అతని దగ్గర ఉంది. గవాన్‌ని చంపించాక సుల్తాను, ఇంత పెద్ద మంత్రి ఎంత కూడబెట్టి ఉంటాడో అని కోశాధికారిని పిలిపించి అడుగుతాడు. గవాన్‌కి రెండు ఖాతాలున్నాయంటాడు కోశాధికారి. ఒకటి రాజుగారిది, సైన్యం ఖర్చులకి. రెండోది బీదలది. తన తిండికీ బట్టకీ గవాన్ ఈ రెండూ ముట్టుకోడు, తాను వచ్చినప్పుడు తెచ్చుకున్న పెట్టుబడితో వ్యాపారం చేసి ఆ లాభంతో బతికాడు. లెక్కలు చూస్తే మిగిలింది చాలా కొంచెం. నా దృష్టిలో కథకి గుండెకాయ ఇది. దొంగ ఉత్తరానికి జవాబు ఏడుపు కాదు, ఖాతా పుస్తకం. కానీ అది తెరిచేసరికి తల పోయింది. ఈ ఘట్టంలో మత్తు లేదు కాబట్టి మనకి రుచించలేదు. ఉస్మానియాలో చరిత్ర చెప్పిన హరూన్ ఖాన్ షేర్వానీ 1942లోనే గవాన్ మీద ప్రత్యేకంగా ఒక పుస్తకం రాశారు. గులాం యజ్దానీ 1947లో బీదర్ కట్టడాల మీద రాశారు. ఇద్దరూ హైదరాబాదు రాష్ట్రంలో పనిచేసినవాళ్ళే. సమాచారం ఎక్కడికీ పోలేదు. మనం తీసుకోలేదు, అంతే.

మధ్యాహ్నం కోటలో, సోలా ఖంబా మసీదు ముందున్న తోటలో రొట్టెలు తింటూ, సెల్‌ఫోన్‌లో అఫనాసీ నికితిన్ ప్రయాణ పుస్తకం ఇంగ్లీషు అనువాదం తీశాను. త్వేర్ అనే రష్యన్ ఊరి వ్యాపారి నికితిన్. 1470 ప్రాంతంలో ఇదే బీదర్‌లో నెలల తరబడి ఉన్నాడు. గవాన్ అప్పటికి మంత్రి. అంటే మేం పొద్దున చూసిన మదరసా దాదాపు అప్పుడే లేస్తోంది. నికితిన్ పుస్తకంలో అందమైన వాక్యాలు వెతికితే దొరకవు. ఉన్నవల్లా ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎన్ని రోజులు, ఏది ఎంతకి అమ్ముతారు, ఎవరు ఏం తింటారు, అంతే. తనతో తెచ్చుకున్న గుర్రానికి 100 రూబుళ్ళు అయ్యాయని రాసుకున్నాడు. జున్నరులో అక్కడి అధికారి ఆ గుర్రాన్ని లాక్కుని, మతం మారితే గుర్రమూ డబ్బూ ఇస్తానన్నాడు. ఒక ఖురాసానీ పెద్దమనిషి అడ్డుపడి విడిపించాడు. దారిలో దొంగలు పుస్తకాలు ఎత్తుకుపోవడంతో తన పండగలు ఏ రోజో తెలియక, అంచనా మీద ఉపవాసాలున్నాడు. మన వానాకాలాన్ని అతను చలికాలం అని రాస్తాడు. నాలుగు నెలలు నీళ్ళూ బురదా చూసి, వాళ్ళ ఊళ్ళో పని ఆగిపోయే కాలం అదే కాబట్టి అదే పేరు పెట్టినట్టున్నాడు.

మద్యం గురించి కూడా రాశాడు. ఇక్కడివాళ్ళు కొబ్బరికాయలతో మద్యం చేస్తారని. ఆ వాక్యం ఎక్కడుందో చూడండి. పొలాల్లో గోధుమ, శనగ విత్తడం గురించిన వాక్యానికీ, గుర్రాలకి ఏం మేపుతారో చెప్పే వాక్యానికీ మధ్యన. అతనికి అది ఒక సరుకు. అందులోంచి వెచ్చదనమూ తియ్యలేదు, నీతీ తియ్యలేదు. నేను ఇన్నాళ్ళూ చెప్పని సంగతి మాత్రం అతను కొన్ని నెలల్లోనే పట్టుకున్నాడు. సుల్తాను ఇరవై ఏళ్ళవాడు, ఏలేదీ గుర్రాల మీద యుద్ధం చేసేదీ ఖురాసానీలు, ఇక్కడి మనుషులు కాళ్ళకి చెప్పులు లేకుండా ముందు నడుస్తారు. ప్రభువులు వెండి పల్లకీల్లో ఊరేగుతారు, పల్లెల్లో జనం మాత్రం నిరుపేదలు. పదేళ్ళ తర్వాత కొండపల్లిలో జరగబోయేదానికి కారణం ఈ నాలుగు ముక్కల్లోనే ఉంది.

అతన్ని పొగిడి వదిలేయలేను. విన్నదల్లా నమ్ముతాడు. కోతులకి ఒక రాజున్నాడనీ సైన్యముందనీ రాస్తాడు. ఆడవాళ్ళ గురించి రాసిన మాటలు ఇవాళ చదివితే చిరాకేస్తాయి. కానీ నమ్మదగని చోట కూడా అతను దొంగ కాదు. ఎక్కడ తాను నిలబడ్డాడో, జేబులో ఎంతుందో, ఎందుకు భయపడ్డాడో మనకి తెలుస్తుంది. బీదర్‌లో పరిచయమైన హిందువులకి తాను ముసల్మానుని కాననీ క్రైస్తవుణ్ణనీ చెప్పుకున్నాక, వాళ్ళు తన దగ్గర ఏదీ దాచలేదంటాడు. వాళ్ళతో కలిసి నెల రోజులు ప్రయాణం చేసి 'పర్వత్' అనే చోట తిరునాళ్ళకి వెళ్ళాడు. అది మన శ్రీశైలమేనని ఎక్కువమంది పండితులు అంటారు. నల్లరాతి నంది, దాని గిట్టలకి ముద్దులు, పూలు, తలనీలాలు, అన్నీ రాశాడు. తలకింతని యాత్రికుల దగ్గర వసూలు చేసే పన్ను కూడా రాశాడు. హైడెల్‌బెర్గ్ వ్యాసాల్లో నేను వెతుక్కున్నది సరిగ్గా ఆ చివరి వాక్యమే.

ఇది రష్యన్లకే చేతనైన విద్య అనుకోనక్కర్లేదు. తెలుగు యాత్రారచన పుట్టిందే లెక్క పుస్తకంలా. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి పదిహేను నెలలు తిరిగాడు. 1838లో అచ్చయిన ఆయన 'కాశీయాత్ర చరిత్ర'లో ఏ మజిలీకి ఎంత దూరం, నీళ్ళు ఎలాంటివి, దుకాణంలో ఏం దొరుకుతుంది, బోయీలకి ఎంతివ్వాలి, ఎక్కడ ఎవరి అధికారం నడుస్తోంది, అన్నీ ఉంటాయి. ఆయన పల్లకిలో పోయిన మనిషి. వెంట పెద్ద పరివారం. కులం విషయంలో, పేదల విషయంలో ఆయన చూపు పల్లకి ఎత్తు నుంచే ఉంటుంది. అయినా ఆ పుస్తకం ఇవాళ్టికీ పనికొస్తోందంటే, తనకి కలిగిన అనుభూతి ఒక్కటే రాసి ఊరుకోలేదు కాబట్టి. దారిలో పడ్డ చెయ్యి, పట్టిన చెయ్యి, తీసుకున్న చెయ్యి, మూడూ రాశాడు. నూట తొంభై ఏళ్ళలో మనకి విమానాలొచ్చాయి, మంచి కెమెరాలొచ్చాయి, భాష నాజూకయింది. ఆ మూడు చేతులు ఫొటోలోంచి తప్పుకున్నాయి.

సాయంత్రం అష్టూరు సమాధుల దాకా పోయి, ఆటో దొరక్క కొంత నడిచి, చీకటి పడుతుండగా బస్సెక్కాం. జహీరాబాదులో దిగేసరికి ఎదురుగా 'వైన్స్' బోర్డు. తెలంగాణలో సారాయి దుకాణం పోయాక మద్యం దుకాణానికి వైన్స్ అనే పేరు స్థిరపడింది. అక్కడ అమ్మేది విస్కీ, బ్రాందీ, బీరు. ద్రాక్షవైను అడిగేవాడు అరుదు. పేరు ప్రకారం చూస్తే మాది కూడా వైను ఊరే. ఆ వెలుతుర్లో నిలబడి చాయ్ తాగుతుంటే నా మంగళవారం పాఠం మళ్ళీ గుర్తొచ్చింది. 'తాగిన మత్తులో భార్యను కొట్టి చంపాడు' అని వారానికోసారైనా పేపర్లో చదువుతాం. చుట్టుపక్కలవాళ్ళు కూడా, "మనిషి మంచోడే, తాగుడొక్కటే" అంటారు. బడికి దెబ్బలతో వచ్చే పిల్లల తల్లులు నాతోనే అన్నారు ఆ మాట, చాలాసార్లు. ఆ పిల్లలకే నేను, తప్పంతా మత్తుదే అనే కథ, సుల్తాను పేరు పెట్టి చెప్పాను. "తాగుడు చెడ్డది" అన్న నీతి వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. కొట్టిన చెయ్యి ఎవరిదని అడగొచ్చని చెప్పాల్సింది.

ఈ విషయంలో నా కన్నా బాగా చదువుకున్నవాళ్ళు ఉన్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమంలో ఆడవాళ్ళు తాగొచ్చిన మగవాడి దగ్గరే ఆగిపోలేదు. సారాయి ఊళ్ళోకి ఎవరు పంపుతున్నారని అడిగారు. వేలంపాట ఎవరు పెడుతున్నారు, పాడేదెవరు, ఆ డబ్బు ఎవరి ఖజానాకి పోతోంది, అని అడిగారు. పాటల్ని ఆపారు. మత్తులో లేనివాళ్ళ పేర్లు చదివారు. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారాయి నిషేధం వచ్చింది. తర్వాత సంపూర్ణ మద్యనిషేధం రావడం, 1997లో దాన్ని ఎత్తెయ్యడం వేరే కథ. అందులో కూడా ఖజానా లెక్కే ఉంది. అక్షరాలు కొత్తగా నేర్చుకుంటున్న ఆ ఆడవాళ్ళు చేసిన పనిని విమర్శ అనకపోతే ఇంకేమంటామో నాకు తెలియదు.

యాత్రావ్యాసం రాసేవాళ్ళని ఉద్యమం చెయ్యమనడం లేదు. ఒక్క పగలు ప్రయాణం ఒక్క పగలే. చలి వెయ్యాలి, వేడివేడిగా ఏదో ఒకటి తాగాలి, కాళ్ళు నొప్పి పుట్టాలి. నేనూ బీదర్‌లో నీలం పలకల ముందు పది ఫొటోలు దిగాను. నేననేది ఒక్కటే. కథలో ఎవరైనా తాగి ఉన్నారని చెప్పగానే, ఆ పూట తాగనివాళ్ళు ఎవరని మా మిత్రుడిలా ఒకసారి అడగండి. పీపా కనపడగానే నింపిందెవరని అడగండి. జవాబు ఒక్కోసారి ఒక్క వాక్యమే ఉంటుంది. వ్యాసం అందం ఏమీ చెడదు.

వచ్చే డిసెంబరు వ్యాసాల కోసం ఎప్పటిలాగే ఎదురుచూస్తుంటాను. ఎవరైనా హైడెల్‌బెర్గ్ వెళ్తే పెర్కియోని అడిగానని చెప్పండి. అతని పక్కనే, పంటలో పదో వంతు తెచ్చి పోసి, ఉత్త కుండతో ఇంటికి పోయిన రైతుకి కూడా కాస్త చోటివ్వండి.